సీటు కింద ఇంజిన్: మన పక్క మారుతీ వ్యాను తారీఖు



తారీఖ్ అనగానే మనకు పెనుకొండ కోట గుర్తొస్తుంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని అక్కడికి మార్చుకున్న సంగతి, షేర్‌ఖాన్ మసీదు, బాబయ్య దర్గా గుర్తొస్తాయి. అవన్నీ రాసిపెట్టుకున్నవాళ్లు ఉన్నారు. నేను ఈసారి ఎవరూ రాయని తారీఖు ఒకటి రాద్దామనుకుంటున్నా. పరిగి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రోడ్ల మీద ముప్పై ఏళ్లకు పైగా మన ఖాందాన్లను మోసిన మారుతీ వ్యాను తారీఖు అది. దాన్ని నడిచేలా ఉంచిన చేతుల తారీఖు కూడా.

ఎందుకంటే ఆ బండి ఇక తయారవడం లేదు. ఉన్నవి ముసలివైపోయాయి. వాటి నబ్జ్ పట్టి చూడగలిగిన ఉస్తాదులూ ముసలివాళ్లయ్యారు. వాళ్ల దగ్గరున్న ఇల్మ్ ఏ కితాబులోనూ లేదు. వాళ్ల చెవుల్లో, వేళ్లలో ఉంది. ఇంకోపక్క ఆ పాత వ్యాన్లలో ఈ రోజుకీ మన పిల్లలు బడికి పోతున్నారు, మన అమ్మీలు ఆస్పత్రికి పోతున్నారు. కాబట్టి ఇది ఉబుసుపోక రాస్తున్నది కాదు.

నాల్ నుంచి ఇంజిన్ దాకా

మోటారు రాకముందు మన పక్క సవారీ అంటే జట్కా. రైలు స్టేషన్ బయట జట్కాలు వరుసగా నిలబడేవి. తోలేవాళ్లలో చాలామంది సాయిబులే. గుర్రాలకు, ఎద్దులకు నాడాలు కొట్టే నాల్‌బందులూ మనవాళ్లే. ఇంకోపక్క దూదేకుల సోదరులు ఇంటింటికీ పోయి పరుపుల దూది ఏకేవాళ్లు. పాత్రలకు కళాయి పూసేవాళ్లు, తాళాలు బాగుచేసేవాళ్లు ఉండేవారు. భూమి తక్కువ, హునర్ ఎక్కువ. చేతిలో పనిముట్టు ఉంటేనే రోజీ.

జమానా మారింది. గుర్రం పోయి లారీ, బస్సు వచ్చాయి. మిల్లు పరుపులు, ఫోము పరుపులు వచ్చి దూదేకే పని పోయింది. అప్పుడు ఈ చేతులన్నీ ఎక్కడికి పోయాయి? చాలావరకు మోటారు షెడ్లలోకి పోయాయి. మన ఊళ్లలో మెకానిక్కు, వెల్డరు, డ్రైవరు, పంక్చర్ల షాపు అంటే ముందుగా సాయిబు ముఖమే గుర్తొస్తుంది. దానికి కారణం ఇదే. ఎవరో మనకు మప్పిదంగా ఇచ్చిన పేషా కాదిది. పాత పేషా చచ్చిపోతే బతకడానికి పట్టుకున్న కొత్త పేషా.

షెడ్డులో చదువు ఉస్తాద్–షాగిర్దు పద్ధతిలో సాగేది. పదేళ్ల పిల్లోణ్ని తెచ్చి ఉస్తాద్ చేతిలో పెట్టేవాళ్లు. మొదటి ఏడాది చాయ్ తేవడం, పానాలు కడగడం, కిరసనాయిల్లో నట్లు బోల్టులు నానబెట్టడం. రెండో ఏడాది ఏ బోల్టుకు ఏ పానా అని అడగకుండానే అందివ్వడం. మూడో ఏడాదికి గానీ ఇంజిన్ మీద చెయ్యి వెయ్యనిచ్చేవాళ్లు కాదు. ఆ పిల్లలు బడికి పోవాల్సిన వయసులో షెడ్డులో ఉన్నారన్నది మన కౌముకు జరిగిన నష్టం. దాన్ని కప్పిపెట్టి ఈ తారీఖు రాయకూడదు. ఆ నష్టంలోంచే ఒక ఇల్మ్ పుట్టింది, అదీ నిజమే.

మగ్గాల కంపెనీ చేసిన బండి

ఇప్పుడు మనది కాని ఒక ఊరికి పోయొద్దాం. జపాన్‌లో హమామట్సు అనే ఊరు ఉంది. నేతకు పేరున్న ఊరు, మన ధర్మవరంలాగా. అక్కడ 1909లో మిచియో సుజుకి అనే ఆయన మగ్గాలు తయారుచేసే కారఖానా పెట్టాడు. సుజుకి కంపెనీ మొదలు అదే. మగ్గాల నుంచి మోటారు సైకిళ్లకు, 1955లో చిన్న కారుకు, 1961లో ‘క్యారీ’ అనే చిన్న సరుకు బండికి వచ్చారు.

జపాన్ సర్కారు చిన్న బండ్లకు పన్ను తగ్గించి, వాటి ఇంజిన్‌కు హద్దు పెట్టింది. ఒకప్పుడు 360 సీసీ, 1976లో దాన్ని 550 సీసీకి పెంచారు. బండి పొడవు, వెడల్పులకు కూడా హద్దు ఉంది. ఇంత చిన్న బండిలో సరుకు ఎక్కడ పెట్టాలి? ఇంజిన్‌ను ముందు పెడితే సగం బండి దానికే పోతుంది. అందుకని ఇంజిన్‌ను ముందు సీట్ల కిందికి తోసేశారు. వెనక భాగమంతా ఖాళీ అయింది. చక్రాలు తిప్పే బలం పొడుగాటి షాఫ్టు గుండా వెనక్కి పోతుంది. మన మారుతీ వ్యాను మీద కూర్చుంటే కింద వెచ్చగా ఎందుకుంటుందో, దాన్ని బాగుచెయ్యాలంటే బానెట్టుకు బదులు సీటు ఎందుకు ఎత్తాలో ఇప్పుడు అర్థమైంది కదా. ఆ ఒక్క నిర్ణయమే ఈ బండి బర్కత్‌కూ, బీమారీలకూ మూలం.

మన దేశంలో మారుతీ ఉద్యోగ్ 1981లో సర్కారు కంపెనీగా ఏర్పడింది. 1982 అక్టోబరులో సుజుకితో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరు 14న మొదటి మారుతీ 800 తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. మరుసటి ఏడాది, 1984లో, మారుతీ వ్యాను వచ్చింది. జపాన్‌లో 1979లో వచ్చిన క్యారీ తరహా బండి అది. 1988లో దానికి ‘ఆమ్నీ’ అని పేరు పెట్టారు. మన ఊళ్లలో మాత్రం ఆ పేరు అంతగా పలకలేదు. మనకది ఎప్పుడూ ‘మారుతీ వ్యానే’.

కొత్తది కొన్నవాళ్లు మన పక్క తక్కువ. ఎక్కువగా బెంగళూరులో పదేళ్లు తిరిగి అలిసిపోయిన బండి సెకండ్ హ్యాండులో మనకు వచ్చేది. వచ్చాక రెండో జిందగీ మొదలయ్యేది. పొద్దున బడి పిల్లలు, మధ్యాహ్నం సంతకు కూరగాయలు, మల్బరీ రైతుకు పట్టుగూళ్లు, సాయంత్రం పెళ్లిచూపులు. ఉర్సు వస్తే పెనుకొండకు నానీమా, ముమానీ, పిల్లలు, బిర్యానీ దేగ్చాతో సహా. రాత్రి ఎవరికైనా నొప్పులొస్తే అదే అంబులెన్సు. ఎవరైనా దునియా వదిలి పోతే, వేరే ఊరి నుంచి మయ్యత్‌ను ఇంటికి తెచ్చిందీ అదే. ఒక బండి ఇన్ని బాధ్యతలు మోసిందంటే, అది ఆగిపోతే ఒక ఖాందాన్ మొత్తం ఆగిపోతుందన్నమాట.

మూడు సిలిండర్ల నబ్జ్

ఈ వ్యాను ఇంజిన్ 796 సీసీ. సుజుకి దానికి ఎఫ్8బి అని పేరు పెట్టింది. మారుతీ 800లో ఉన్నదీ ఇదే వంశం. మూడు సిలిండర్లు. ఒక్కో సిలిండరు వ్యాసం 68.5 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 72 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే మూడింటికీ కలిపి 796 వస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ సాఫీగా గుర్రుమంటుంది. మూడు సిలిండర్లది కొంచెం వణుకుతూ పలుకుతుంది. ఆ వణుకు బీమారీ కాదు, దాని పుట్టుక గుణం. ఏ వణుకు గుణమో ఏ వణుకు మర్జో చెప్పగలగడమే ఉస్తాద్ గొప్పతనం.

మా ఉస్తాద్ (నేను ఆయన దగ్గర పని నేర్చుకోలేదు, కూర్చుని చూశానంతే) బండి రాగానే పానా పట్టేవాడు కాదు. డ్రైవరును మూడు సవాళ్లు అడిగేవాడు. ఎప్పటినుంచి? చల్లగున్నప్పుడా, వేడెక్కినాకనా? ఆగే ముందు ఏం సప్పుడైంది? ఆ తర్వాత సీటు ఎత్తి చెవి పెట్టేవాడు. హకీం నాడి పట్టినట్టే.

మన నేలకు, ఈ ఇంజిన్‌కు మూడు దుష్మనీలు ఉన్నాయని ఆయన చెప్పేవాడు. ధూళి, ఉప్పునీళ్లు, ఎండ.

ధూళి సంగతి. మన పక్క ఎర్రమట్టి పిండిలాగా లేస్తుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే ఇంజిన్‌కు ఊపిరి ఆడదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, నల్ల పొగ వదులుతుంది, పికప్ పోతుంది. జనం కార్బొరేటర్ మీద పడతారు గానీ తప్పు ఫిల్టర్‌ది. నెలకోసారి ఫిల్టర్ తీసి లోపలి నుంచి బయటికి గాలి కొట్టడం, మరీ నల్లబడితే మార్చడం. అంతే ఇలాజ్. ఫిల్టర్ తీసేసి నడిపేవాళ్లు కూడా ఉన్నారు. అది ఇంజిన్‌లోకి ఇసుక పోసినట్టే.

ఉప్పునీళ్ల సంగతి. పాత అనంతపురం జిల్లా బోరునీళ్లలో ఫ్లోరైడ్, గట్టిదనం ఎక్కువన్నది అందరికీ తెలిసిందే. ఇంట్లో చాయ్ గిన్నె అడుగున తెల్లగా పేరుకునేదే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది. నీళ్లు తిరగవు, ఇంజిన్ కాగుతుంది. అందుకే రేడియేటర్‌లో బోరునీళ్లు వద్దు. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పొయ్యాలి. దారిలో గత్యంతరం లేక బోరునీళ్లు పోస్తే ఇంటికొచ్చాక తీసేసి మంచివి పొయ్యాలి.

ఎండ సంగతి. కార్బొరేటర్ ఉన్న పాత వ్యాన్లు ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నడిరోడ్డు మీద ఆగిపోయేవి. అరగంట ఆగితే మళ్లీ స్టార్ట్ అయ్యేవి. జనం దెయ్యం అనుకునేవాళ్లు. సంగతేమిటంటే సీటు కింద వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై, పంపు ఆ ఆవిరిని లాగలేక ఊరుకునేది. తడిగుడ్డ పెట్రోలు పంపు మీద కప్పి, సీటు ఎత్తి గాలి తగలనిస్తే దారికొచ్చేది. ఉస్తాద్ దాన్ని “బండికి వడదెబ్బ” అనేవాడు.

స్టార్ట్ కాకపోతే

ఇంజిన్ నడవాలంటే మూడు కావాలి: నిప్పురవ్వ, పెట్రోలు, దమ్ము. దమ్ము అంటే సిలిండరులో గాలి బిగువుగా నొక్కుకోవడం. ఏ బండి ఆగినా ఈ మూడింటిలో ఒకటి లేనట్టే. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే సగం మెకానిక్ అయినట్టే.

ముందు తాళం తిప్పి చూడండి. సెల్ఫ్ తిరగకుండా ‘టక్ టక్’ అంటూ లైట్లు మసకబారితే బ్యాటరీ. చాలాసార్లు బ్యాటరీ మంచిదే ఉంటుంది, దాని టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పూత పడి ఉంటుంది. తినే సోడా కలిపిన వేణ్నీళ్లతో కడిగి, తుడిచి, బిగించి, పైన కొంచెం వాసెలిన్ రాస్తే కొత్త బ్యాటరీ డబ్బులు మిగులుతాయి.

సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు అంటే రెండు దారులు. ప్లగ్గు విప్పి ముక్కు దగ్గర పెట్టుకోండి. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు: ట్యాంకు, ఫిల్టర్, పంపు, కార్బొరేటర్ జెట్ వరుసగా చూడాలి. తడిగా, పెట్రోలు వాసన కొడుతుంటే పెట్రోలు ఎక్కువైంది, లేదా రవ్వ లేదు. ప్లగ్గులు తుడిచి ఆరబెట్టి, ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే చాలాసార్లు అందుకుంటుంది. మొదటి వ్యాన్లలో డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లు ఉండేవి. వాటికి మసి పడితే రవ్వ పోతుంది. ఎమ్రీ కాగితంతో మెల్లగా రుద్ది, సందు సరిచేస్తే చాలు. చుట్టూ పెట్రోలు వాసన ఉన్నప్పుడు మాత్రం రవ్వ పరీక్ష చెయ్యకండి. సీటు కింద చోటు ఇరుకు. అంటుకుంటే తప్పించుకునే సమయం ఉండదు.

ప్లగ్గు ముఖం చూస్తే ఇంజిన్ హాల్ తెలుస్తుంది. లేత ఇటుక రంగు ఉంటే ఖైరియత్. పొడి నల్ల మసి ఉంటే పెట్రోలు ఎక్కువ లేదా గాలి తక్కువ. నూనె జిడ్డు ఉంటే రింగులు, వాల్వు సీళ్లు అరిగాయి. పాలిపోయిన తెలుపు ఉంటే ఇంజిన్ మరీ వేడిగా, పెట్రోలు చాలక నడుస్తోంది. ప్లగ్గు సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. ట్యాపెట్ సందు చల్లని ఇంజిన్ మీద సుమారు 0.15. ఉస్తాదులు ఫీలర్ గేజి లేకుండా బ్లేడు ముక్క పెట్టి చూసేవాళ్లు. గేజి వంద రూపాయల చిల్లర వస్తువే, మీరు గేజితోనే చూడండి.

నడుస్తూ నడుస్తూ ఇంజిన్ ‘మిస్సింగ్’ కొడితే, పాత కార్బొరేటర్ బండి మీద ఉస్తాద్ ఒక్కో ప్లగ్గు వైరు వరుసగా తీసి చూసేవాడు. ఏ వైరు తీసినా సప్పుడు మారకపోతే ఆ సిలిండరే పని చెయ్యనిది. చేతికి షాకు తగలకుండా రబ్బరు పిడి పట్టకారతో తీసేవాడు. తర్వాత వచ్చిన కంప్యూటర్ బండ్ల మీద ఈ పని చెయ్యకూడదు, కాయిల్ పోతుంది.

పొగ కూడా భాషే. నల్లది పెట్రోలు ఎక్కువైందని చెబుతుంది. నీలంది ఇంజిన్ ఆయిలు కాలుతోందని చెబుతుంది. చలికాలం పొద్దున కాసేపు తెల్లది వస్తే పర్వాలేదు. ఎప్పుడూ తెల్లదే వస్తుంటే నీళ్లు సిలిండరులోకి పోతున్నాయి. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిలు పాలు పోసిన చాయ్ రంగులో ఉంటే నీళ్లు, ఆయిలు కలిశాయి. ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకండి.

మామూ చెయ్యి

ఈ మాట నేను తేలిగ్గా చెప్పడం లేదు. మా మామూ పాత వ్యాను ఒకటి నడిపేవాడు. నేను చిన్నపిల్లోణ్ని. ఉర్సుకు పెనుకొండ పోతున్నాం, లోపల తొమ్మిదిమందిమి. పొద్దున బయల్దేరేటప్పుడు ఛార్జింగ్ దీపం వెలుగుతోంది. “బ్యాటరీది, ఇంటికొచ్చాక చూద్దాం” అన్నాడు మామూ. అది బ్యాటరీది కాదు. బెల్టు తెగింది. ఆ బెల్టే ఆల్టర్నేటర్‌నూ, నీళ్లు తిప్పే పంపునూ తిప్పుతుంది. దీపం మమ్మల్ని పిలిచి మరీ చెప్పింది. మేమే వినలేదు.

కొంతదూరం పోయేసరికి వేడి ముల్లు ఎర్రగీత దాటింది. ముమానీ “సీటు కాలుతోంది జీ” అంటే ఎండ అనుకున్నాం. చివరికి ఆవిరి లేచింది. మామూ దిగి కంగారులో రేడియేటర్ మూత తిప్పాడు. బిగువులో ఉన్న మరుగునీళ్లు ఎగజిమ్మాయి. మోచేతి దాకా కాలింది. ఆ మచ్చలు ఆయన బతికినన్నాళ్లూ ఉన్నాయి. ఇంజిన్ హెడ్డు అల్యూమినియంది కాబట్టి వంగిపోయింది. గ్యాస్కెట్ పోయింది. అంతా కలిపి ఆ ఏడాది ఇంటి ఖర్చులో పెద్ద గండి.

ఉస్తాద్ హెడ్డు విప్పి, చదునైన అద్దం మీద పెట్టి వంకర చూపిస్తూ మామూతో అన్నది ఇంతే: “ఇంజిన్ అబద్ధమాడదు బేటా. మనమే బహిరాలమైపోతాం.”

అప్పటినుంచి మా ఇంట్లో ఒక కాయిదా. వేడి ముల్లు సగం దాటితే బండి పక్కకు తియ్యాలి, ఇంజిన్ ఆపాలి, అందరూ దిగాలి. మూత ముట్టకూడదు, చెయ్యి పెడితే వెచ్చగా కూడా తగలనంతవరకు. తర్వాత మందపాటి గుడ్డ వేసి, మెల్లగా. వేడి ఇంజిన్ మీద చల్లనీళ్లు కుమ్మరించకూడదు, పగులుతుంది. చూడాల్సినవి నాలుగు: నీళ్లున్నాయా, బెల్టు ఉందా, ఫ్యాన్ తిరుగుతోందా, గొట్టం ఎక్కడైనా కారుతోందా. పంపు, థర్మోస్టాట్, గ్యాస్కెట్ సంగతి ఆ తర్వాత.

సీటు కింద అమానత్

ఇంకో మాట. ఇది పిల్లల్ని ఎక్కించుకునే ప్రతి ఇంటికీ. సీటు కింద ఇంజిన్ అంటే పెట్రోలు గొట్టాలు కూడా అక్కడే. రబ్బరు గొట్టం ముసలిదైతే బీటలు పడుతుంది. 2023 నుంచి మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు రావడం మొదలైంది, ఇప్పుడు దాదాపు అన్నిచోట్లా అదే. ఆ జమానాలో తయారైన రబ్బరు, గ్యాస్కెట్లు దానికోసం చేసినవి కావు. కాబట్టి పాత వ్యాను ఉన్నవాళ్లు పెట్రోలు గొట్టాలు, క్లిప్పులు కొత్తవి, ఈ పెట్రోలుకు తట్టుకునేవి వేయించండి. లోపల పెట్రోలు వాసన వస్తే “అలవాటే” అనకండి. ఆ రోజు బండి తియ్యకండి.

ఇంట్లో వంట గ్యాస్ సిలిండరు పెట్టి వ్యాను నడపడం ఒకప్పుడు మన పక్క మామూలైపోయింది. డబ్బులు మిగులుతాయని చేశారు. అది కానూన్‌కు విరుద్ధం, ప్రాణానికి అంతకన్నా విరుద్ధం. కంపెనీ గ్యాస్ కిట్టు వేరు, ఇంటి సిలిండరు వేరు. పిల్లలు అమానత్. అమానత్‌ను సిలిండరు పక్కన కూర్చోబెట్టం కదా.

జమానా మళ్లీ మారింది

2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. పొగ నియమాలు కట్టుదిట్టమయ్యాయి. కార్బొరేటర్ పోయి, కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్‌ఐ వ్యాన్లు వచ్చాయి. ఎందరో ఉస్తాదులకు అది పెద్ద దెబ్బ. పాయింట్లు లేవు, జెట్టు లేదు, చోక్ లేదు. డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగితే యంత్రం పెట్టి కోడు చదవాలి. అది ఇంగ్లీషులో ఉంటుంది. బడికి పోకుండా షెడ్డుకు పోయిన నష్టం అప్పుడు బయటపడింది. కొందరు కొడుకుల సాయంతో నేర్చుకున్నారు. కొందరు పాత బండ్లకే పరిమితమై, ఆ బండ్లతో పాటే రిటైరయ్యారు.

2019లో కొత్త భద్రతా నియమాలకు ఈ బండి నిలబడలేదు. ముక్కు లేని బండి, ముందు గుద్దుకుంటే కాళ్లకూ రేకుకూ మధ్య ఏమీ ఉండదు. అది మనం ఎంత ప్రేమించినా కాదనలేని నిజం. ముప్పై అయిదేళ్ల తర్వాత ఆమ్నీ తయారీ ఆగిపోయింది. కంపెనీ 2010లోనే తెచ్చిన ఈకో దాని చోటు తీసుకుంది. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన సొంత కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5000 రూపాయలైంది. దాంతో చాలా వ్యాన్లు తుక్కుకు పోయాయి.

అదే 2019లో మన వాకిట్లో ఏం జరిగిందో చూడండి. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కారఖానాలో ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. 2020 ఫిబ్రవరిలో కార్నివాల్ వచ్చింది. అది కూడా వ్యానే, పెద్ద ఖాందాన్ మొత్తం కూర్చునే బండి. విడిభాగాలు తెచ్చి ఇక్కడే బిగించారు. దాని ఇంజిన్ 2199 సీసీ డీజిల్. మన పాత వ్యాను ఇంజిన్లు రెండున్నర కలిపినా దానికి సరిపోవు. పేదవాడి వ్యాను పోయిన కొన్ని నెలలకే, ఉర్సుకు మనం పోయే రోడ్డు పక్కనే, కలిగినవాళ్ల వ్యాను తయారైంది. ఈ ముప్పై అయిదేళ్లలో ఎవరు ముందుకు పోయారో, ఎవరు రోడ్డు పక్కనే నిలబడిపోయారో ఈ రెండు వ్యాన్లు పక్కపక్కన పెట్టుకుంటే కనిపిస్తుంది.

ఆ కారఖానాలో మన పిల్లలు ఎందరున్నారు? గేటు దగ్గర పానా పట్టడం వచ్చా అని అడగరు, ఐటీఐ సర్టిఫికెట్ ఉందా, డిప్లొమా ఉందా అని అడుగుతారు. నాల్ పోయినప్పుడు మనవాళ్లు పానా పట్టారు. ఇప్పుడు పానాతో పాటు కలం కూడా పట్టాలి. ఉస్తాద్ చెవిలో ఉన్న ఇల్మ్‌కు సర్టిఫికెట్ తోడైతే ఆ పిల్లోణ్ని ఎవరూ ఆపలేరు. ఆ చెవి లేకుండా సర్టిఫికెట్ ఒక్కటే ఉన్నా, ఏ ఇంజిన్ ముందు నిలబడినా బహిరాగానే ఉంటాడు.

అందుకే నాది ఒక గుజారిష్. మీ ఇంట్లో, మీ గల్లీలో ముసలి ఉస్తాద్ ఎవరైనా ఉంటే, చాయ్ తాగుతూ ఆయన దగ్గర కూర్చోండి. ఏ సప్పుడుకు ఏ మర్జో అడగండి. ఒక నోట్‌బుక్కులో రాసుకోండి, లేదా ఫోనులో ఆయన గొంతు రికార్డు చేసుకోండి. ఇంట్లో పాత వ్యాను ఉంటే ఇంకో నోట్‌బుక్కు పెట్టండి: ఆయిలు ఎప్పుడు మార్చాం, బెల్టు ఎప్పుడు వేశాం, పెట్రోలు గొట్టం ఎప్పుడు మార్చాం. పాత కార్బొరేటర్ బండికి 5000 కిలోమీటర్లకోసారి ఆయిలు మార్చాలని ఉస్తాదుల లెక్క. వారానికోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు, ఆయిలు, నీళ్లు, బెల్టు చూడండి. అయిదు నిమిషాల పని. మామూ ఆ అయిదు నిమిషాలు ఆ పొద్దున ఇవ్వలేదు.

మామూ వ్యాను ఇప్పుడు లేదు. తుక్కుకు పోయేటప్పుడు ముందు సీటు మాత్రం తీసిపెట్టుకున్నాం. మా పరిగి ఇంటి వరండాలో ఉంది. నానీమా దాని మీదే కూర్చుని తస్బీహ్ తిప్పేది. కింద ఇప్పుడు వేడి లేదు.